కంటి మీద బొట్టు

నేను ఒక సెట్‌టాప్ బాక్సును. ఆ పేరు నోరు తిరగక మా ఇంటావిడ నన్ను పెట్టె అంటుంది. నాకూ అదే అలవాటైపోయింది. పెద్ద చదువులేమీ నాకు రావు. కేబులు తీగలో వచ్చేది పాత టీవీలకు అరగదు. దాన్ని మెత్తగా చేసి, పళ్లూడిన ముసలమ్మకు అన్నం పిసికి పెట్టినట్టు పెడతాను. నేను నేర్చిన విద్య అదొక్కటే.

ఎక్కడో ఫ్యాక్టరీలో వేలమంది అక్కచెల్లెళ్లతో పాటు పుట్టాను. నా మొహాన ఒక ఎర్ర దీపం, పక్కనే కందిగింజంత నల్లటి కన్ను ఉన్నాయి. రిమోటు చెప్పే మాట నాకు చేరేది ఆ కంట్లోంచే. ఒక మీట కూడా ఉండేది గానీ, మొదటి ఇంట్లోనే వేళ్లతో పొడిచి పొడిచి దాన్ని లోపలికి దించేశారు.

మొదటి ఇల్లంటే ఇల్లు కాదు, నరసాపురంలో ఒక సెలూను. వికెట్టు పడితే కత్తి ఆగేది, సగం గీసిన గడ్డంతో మనిషి కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. సిక్సు కొట్టినవాడికి చప్పట్లు, బొమ్మ గీతలు పడితే నాకు మొట్టికాయలు. ఆ షాపులోకి గోడకు అతికే కొత్త టీవీ రాగానే నేను ఎవరికీ అక్కర్లేకపోయాను. కేబులు సోమరాజు నన్ను తీసుకొచ్చి పల్లాలమ్మ ఇంట్లో, వీపు ఉబ్బిన డబ్బా టీవీ నెత్తిన కూర్చోబెట్టాడు. మేమిద్దరం ముసలివాళ్లమే. అది వేడెక్కితే నాకు కింద కాలేది. ఎవరికి చెప్పుకుంటాం?

పల్లాలమ్మ లేసు అల్లేది. ఆవిడ భర్త గంగరాజు నాటకాల్లో హార్మోనియం వాయించేవాడు. ఆ రోజుల్లో నెలకు నాలుగు రాత్రులు కూడా ఇంటిపట్టున ఉండేవాడు కాదట. అందుకని ఆవిడ ఆ హార్మోనియాన్ని సవతి అనే పిలిచేది. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక ఆయన మంచం పట్టాడు. హార్మోనియానికి కుడిచేత్తో మెట్లు నొక్కితే చాలదు, ఎడమచేత్తో తిత్తి ఊపాలి. సవతిని అటక మీదికి ఎక్కించారు. ఆ తర్వాత ఆయన మాట తగ్గింది. పొద్దస్తమానం నేను చూపించిందల్లా చూసేవాడు. ఏది చూశాడో అడిగితే చెప్పలేడు.

ఆ దసరా ముందు సోమరాజు వచ్చి, "బాబాయ్, మీ పాత నాటకం క్యాసెట్టు దొరికింది. ఆయుధ పూజనాడు సాయంత్రం మన లోకల్ ఛానల్లో వేస్తన్నాను. టేపు అరిగిపోయింది. ఒక్కసారి తిరిగితే గొప్ప," అన్నాడు. మర్నాడు గంగరాజు గడ్డం గీయించమన్నాడు.

పండగనాడు పల్లాలమ్మ తలంటుకుని, నాతో సహా ఇంట్లో కరెంటు సామానంతా కట్టేసి, కనిపించిన ప్రతిదానికీ బొట్టు పెట్టింది. లేసు సూది, గ్యాసు పొయ్యి, మిక్సీ, చివరికి తెగిన చెప్పులు కుట్టుకునే ఆరెను కూడా వదల్లేదు. అటక మీది హార్మోనియాన్ని ఏటా చేసినట్టే దింపి, తుడిచి, అమ్మవారి పక్కన పీట మీద పెట్టింది. తర్వాత నా దగ్గరకొచ్చింది. గంధం, పసుపు కలిపిన ముద్దను బొటనవేలితో తీసి, నుదురనుకుని సరిగ్గా నా కంటి మీద మెత్తి, పైన కుంకుమ అద్దింది. ఇక రిమోటు మాట నాకు చేరే దారి మూసుకుపోయింది. అంత భక్తితో నన్నెవరూ గుడ్డిదాన్ని చెయ్యలేదు.

సాయంత్రం గంగరాజును దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, ఆవిడ రిమోటు నొక్కింది. నాకు వినపడలేదు. మళ్లీ నొక్కింది. బ్యాటరీలు నాలికకు ఆనించి చూసింది. టీవీలో ఇసక పోసినట్టు చుక్కలే. కబురందుకుని సోమరాజు పరుగున వచ్చి, తీగలు పీకి, పెట్టి, నా నడ్డి మీద రెండు చరిచాడు. పూజ చేసిన బొట్టని దాని జోలికి మాత్రం పోలేదు.

"పెట్టె చచ్చిపోయింది పిన్నీ. పండగ కదా, కొత్తది రేపు గానీ రాదు."

"మరి క్యాసెట్టు?"

"మొదలైపోయిందిగా. పక్కింట్లోకి ఎత్తుకెళ్దామా బాబాయిని?"

"నా వాయిద్యం వినడానికి నేను ఒకరి గుమ్మం ఎక్కాలా?" అని గంగరాజు గోడ వైపు తిరిగిపోయాడు. "వెళ్లరా, నువ్వన్నా విను."

సోమరాజు వెళ్లాడు. పల్లాలమ్మ పీట మీది హార్మోనియాన్ని మంచం దగ్గరకు ఈడ్చింది.

ఆ చప్పుడుకు ఆయన తిరిగి చూశాడు. "పీట మీద పెట్టింది రేపటిదాకా తియ్యకూడదు కదే."

"తీసింది నేను. పాపమూ నాదే. లేవండి."

"చెయ్యేదే నాకు?"

"ఉన్న చెయ్యి మెట్ల మీద పెట్టండి. తిత్తి నేను ఊపుతాను."

"నీకేం వచ్చు?"

"ఇన్నేళ్లు లేసు అల్లుతూ మీ సాధకం విన్నాను. ఊపిరెప్పుడు పీల్చాలో నాకూ తెలుసు."

మొదట పిల్లి అరిచినట్టు వచ్చింది. "లాగకే, అదేం బావి చేద కాదు," అన్నాడు. "మీరు సరిగా నొక్కండి ముందు," అంది. కాసేపు ఒకరినొకరు తిట్టుకున్నారు. ఆ తిట్లు ఎక్కడ ఆగాయో, పద్యం ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. వందల ఛానళ్లు మోసినదాన్ని, ఆ ఇంట్లో నేను ఊరికే కూర్చుని విన్నది అదే మొదటిసారి.

తెల్లారి పూజ సామాను సర్దుతూ పల్లాలమ్మ తడిగుడ్డతో నా మొహం తుడిచింది. గంగరాజు ఇంకా నిద్ర లేవలేదు. ఎందుకో రిమోటు తీసి నొక్కింది. నేను పాపం వెంటనే బొమ్మ చూపించాను, అలవాటు చొప్పున. ఆవిడ గుడ్డ మీది పసుపు చూసింది. నా కన్ను చూసింది. మంచం పక్కనున్న హార్మోనియం చూసింది.

టీవీ కట్టేసి, గంధం గిన్నెలో బొటనవేలు ముంచి, మళ్లీ నా కంటి మీదే పెట్టింది. ఈసారి గురి చూసి మరీ పెట్టింది.

కొత్త పెట్టె పట్టుకుని సోమరాజు వచ్చాడు. "ఇప్పుడేం తొందర లేదులేరా, బాబాయికి తీరిక లేదు," అని గుమ్మంలోంచే పంపేసింది.

ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. కింద డబ్బా టీవీ చల్లబడింది, నా మీద దుమ్ము పేరుతోంది. ఆ బొట్టు ఎండి పెచ్చులూడితే ఆవిడ గుర్తుపెట్టుకుని కొత్తది పెడుతుంది. సాయంత్రమైతే తిత్తి కిర్రుమంటుంది. తిట్లు మొదలవుతాయి. ఆ తర్వాత పాట.