కిటికీ పక్క కుర్చీ

గడియారాలు బాగుచేసే బావకీ, బట్టలు కుట్టే బావమరిదికీ కలిపి ఒకటే గది. ఆ గదికి ఒకటే కిటికీ. ప్రతి సోమవారం పొద్దున్నే ఇద్దరూ చదరంగం ఆడతారు. గెలిచినవాడిది ఆ వారమంతా కిటికీ పక్క కుర్చీ. ఆట తేలకపోతే ఎవరి చోట వాళ్లే.

బావమరిది ఆ కుర్చీలో ఒక్క పూట కూర్చున్న పాపాన పోలేదు. చీకటి మూలలో సూదికి దారం ఎక్కించేసరికే అతనికి మధ్యాహ్నమయ్యేది. నా చొక్కా జేబు వీపు మీద పడింది కూడా ఆ మూలలోనే.

బావ ఆట అలాంటిలాంటిది కాదు. అతను గుర్రం మీద చెయ్యి వేస్తే అవతలి ఏనుగు తనంతట తనే పక్కకి జరిగేదని చెప్పుకునేవారు. నేను రెండుసార్లే చూశాను.

బావమరిది మీద జాలిపడి బావ ఒక వెసులుబాటు ఇచ్చాడు. "ఆట మధ్యలో ఒక్కసారి బల్ల తిప్పుకోరా. నా పావులు నీవి, నీ పావులు నావి. అయినా ఓడిస్తాను."

ఓడించేవాడు కూడా.

ఓ సోమవారం బావమరిదికి బుర్ర వెలిగింది. కావాలనే పావులన్నీ వరసగా బావ నోటికి అందించాడు. ఊడ్చిపెట్టి తినడమంటే బావకి సరదా. చివరికి బావమరిదికి రాజు ఒక్కడే మిగిలాడు.

"ఇక కట్టేయనా?"

"ఆగు బావా, బల్ల తిప్పుకుంటాను."

ఒంటి రాజు బావ వైపుకి వచ్చాడు. బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

బావమరిదికి ఇప్పుడు బోలెడు సైన్యం. ఆట కట్టడం మాత్రం తెలియదు, ఎప్పుడైనా కడితే గదా. భయంకొద్దీ బంట్లను చివరి గడి దాకా నెట్టి మంత్రులను చేశాడు. నలుగురు మంత్రులు రాజు చుట్టూ కాపలా కాశారు.

"కదులు బావా."

"ఎక్కడికి కదలనురా? ఏ గడిలో కాలు పెట్టినా చస్తాను. ఉన్నచోటేమో షా లేదు, నన్ను కొట్టే పావే లేదు. అంటే ఆట తేలలేదు. నీ మూలకి నువ్వు పో."

బావమరిది పోయాడు. బావతో మారుమాట్లాడలేదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లందరితోనూ మాట్లాడాడు. "మా బావని కదలకుండా కట్టిపడేశాను" అని. అందులో అబద్ధమేముంది?

ఇక గడియారం తెచ్చిన ప్రతివాడూ బావని పలకరించడమే. "ఒక్క రాజేనటగా మిగిలింది?" కిటికీ పక్కన కూర్చున్నవాడు మొహం ఎక్కడ దాచుకుంటాడు? వీధిలో పోయేవాళ్లూ ఆగి అడిగారు. పనేం లేక నేనూ రోజూ అడిగాను.

గురువారానికి బావ పనిముట్లు సర్దేసుకున్నాడు.

"ఒరేయ్, ఆ మూలకి నేనొస్తాను. నువ్విటు తగలడు."

బావమరిది కుట్టుమిషను కిటికీ దగ్గరికి లాక్కున్నాడు. తను కుట్టిన బట్టల్ని మొట్టమొదటిసారి వెలుతురులో చూశాడు. ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశాడు. సాయంత్రానికల్లా దళసరి గుడ్డతో పరదా కుట్టి కిటికీకి కట్టేశాడు.

వెలుతురులో కుట్టాడేమో, అదొక్కటీ తిన్నగా వచ్చింది.