పొడుగు ముక్కు కెమెరా

నేను ఒక కెమెరాని. అంతమాత్రం చెప్పి ఊరుకుంటే నా గొప్ప సగం కూడా చెప్పినట్టు కాదు. సూపర్‌జూమ్ కెమెరాని. మీట జరిపితే నా ముక్కు ముందుకు సాగుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు ఎక్కడ ఊడి పడుతుందోనని కింద చెయ్యి అడ్డం పెడతారు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఊడలేదు.

సముద్రాల అవతల, దుమ్ము కూడా అనుమతి లేకుండా రాని ఒక గదిలో, మూతికి గుడ్డలు కట్టుకున్న అమ్మాయిలు నా లోపల అద్దాలు ఒకదాని వెనక ఒకటి పేర్చారు. తరవాత ఓడ, లారీ, చివరికి కోఠిలో ఒక దుకాణం. అక్కడ అద్దాల బీరువాలో నా పక్కన లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాలు ఉండేవి. పెళ్ళిళ్ళకు పోయే దర్జా వాళ్ళది. నన్ను ఇంటి పనికి పెట్టుకునేదాన్ని చూసినట్టు చూసేవాళ్ళు. నేనూ తక్కువ తినలేదు. ఒక్క పెట్టెలో దగ్గరా దూరమూ రెండూ ఇమిడినదాన్ని, నాకేం లోటు?

ఒక మధ్యాహ్నం బాలమణి వచ్చింది. చేతిలో గుడ్డ సంచీ, కొంగు నడుముకు చెక్కి ఉంది.

"ఏం ఫొటోలు తీస్తరమ్మా? ఫంక్షన్లా, టూర్లా?" అన్నాడు దుకాణదారు.

"మా బిడ్డను తియ్యాలె."

"ఎంత దూరంల ఉంటది? స్టేజి మీదనా?"

"ఆకాశంల."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బాలమణి విడమరిచి చెప్పింది. ఆమె కూతురు నవనీత నార్సింగిలో కడుతున్న ఒక పెద్ద బిల్డింగు మీద టవర్ క్రేన్ నడుపుతుంది. పొద్దున ఎక్కితే చీకటి పడ్డాకే దిగుతుంది. సైటు లోపలికి ఇంటివాళ్ళను రానివ్వరు. ఇంటి మిద్దె మీదికెక్కి చూస్తే అగ్గిపెట్టెంత పసుపుపచ్చ డబ్బా ఒకటి కనబడుతుంది, అంతే.

"గా డబ్బాల నా బిడ్డుంటది. కట్టిచ్చిన అన్నం తింటున్నదో లేదో నాకు కనవడాలె."

దుకాణదారు ముందు ఒక పెద్ద కెమెరానే తీశాడు. దూరానికి ఇంకో లెన్సు విడిగా కొనాలన్నాడు.

"కొన్నంక మళ్ళ కొనుడేంది?" అంది బాలమణి.

అప్పుడు నా వంతు వచ్చింది. ఆయన నన్ను గుమ్మం దాకా తీసుకుపోయి, ఎదురు మేడ చూరు మీద కూర్చున్న పావురం వైపు తిప్పి, ముక్కు సాగదీశాడు. బాలమణి కన్ను పెట్టి చూసింది. పావురం కంటి చుట్టూ ఉన్న ఎర్రటి గీత కూడా చూపించాను. "ఇదే ఇయ్యి," అంది. పెద్ద కెమెరాల ముఖాలు ఎలా ఉన్నాయో నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలని మాత్రం చాలా ఉండింది.

ఆ ఇంట్లో నాకు తొందరగానే ఒక సంగతి తెలిసింది. బాలమణి భర్త రాజలింగం ఆర్టీసీలో డ్రైవరు చేసి రిటైరయ్యాడు. నవనీత క్రేన్ ఎక్కిన రోజున "జారితే ఎవలు పట్టాలె?" అని ఒక్క మాట అన్నాడట. ఆ తరవాత ఆ ఇంట్లో ఆయన నోట క్రేన్ అనే మాటే రాలేదు. కూతురితో కూరలో ఉప్పు గురించి మాట్లాడతాడు, క్రికెట్ గురించి మాట్లాడతాడు. పాత కండక్టరు సాయిలు వచ్చి బిడ్డ ఏం చేస్తోందని అడిగితే మాత్రం "కంప్యూటర్ నౌకరి" అంటాడు. మిద్దె మీద కుర్చీ వేసుకున్నా, టవర్‌కు వీపు పెట్టి పేపరు చదువుతాడు. మనుషులు కళ్ళుండీ చూడకుండా ఉండగలరని నాకు అప్పుడే తెలిసింది. నా జాతికి అది చేతకాదు.

ఒకరోజు నవనీత తల్లికి తల దువ్వుతూ అంది: "బిల్డింగ్ అయిపోవచ్చిందమ్మా. వచ్చే నెల క్రేన్ ఇప్పుతరు. బాపు ఒక్కసారన్న తలెత్తి చూస్తడేమో అనుకున్న."

మరుసటి రోజు పొద్దున్నే బాలమణి నన్ను తీసుకుని మిద్దె ఎక్కింది.

ఇక్కడ నా బలహీనత ఒకటి ఒప్పుకోవాలి. ముక్కు పూర్తిగా సాగినప్పుడు, పట్టుకున్నవాళ్ళు గట్టిగా ఊపిరి పీల్చినా నా చూపు పక్క వీధిలోకి పోతుంది. బాలమణి చేతుల్లో అదే జరిగింది. ఒక మబ్బు వచ్చింది. ఎవరిదో నీళ్ళ ట్యాంకు వచ్చింది. ఆరేసిన చీర అంచు వచ్చింది. నవనీత రాలేదు.

"ఓ, జర ఇటు రా. నా చేతులు వణుకుతున్నయి."

"నేను చూడ," అన్నాడు రాజలింగం పేపరు వెనక నుంచి.

"నిన్ను చూడమన్ననా? పట్టుకోమన్న. స్టీరింగ్ పట్టిన చేతులు గదా!"

చేతుల సంగతి ఎత్తాక డ్రైవరు ఎలా ఊరుకుంటాడు? లేచి వచ్చి నన్ను అందుకున్నాడు. ఏం పట్టు అది! గోడకు మేకు కొట్టినట్టు నిలబడ్డాను. "నేను నొక్కిన, నువ్వు కదలకు," అని బాలమణి వీడియో తీసే నా ఎర్ర బొత్తాం నొక్కింది. సరిగ్గా పట్టుకున్నానో లేదో తెలియాలంటే చూడక తప్పదు. ఆయన కన్ను ఆనించాడు.

డబ్బా అద్దం వెనక నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. పక్కన టిఫిన్ బాక్సు. తలకు హెల్మెట్‌తో నవనీత. ఆమె రెండు మీటలనూ చేతులతో తాకి, ఆ చేతులు కళ్ళకద్దుకుంది.

రాజలింగం ఊపిరి ఆగడం నాకు తెలిసింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పొద్దున్నే స్టీరింగు తాకి ఆయన చేసిన పని అదే. ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు సెలవురోజుల్లో ఆయన బస్సు ముందు సీట్లో కూర్చుని ఆ పిల్ల చూసింది, అంతే.

ఇనుప చువ్వల కట్ట గాల్లోకి లేచింది. అప్పుడు ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు, అంత దూరం వినబడుతుందన్నట్టు.

"మెల్లగ బిడ్డా... గాలున్నది... తొందర లేదు... ఆ, గట్ల... తిప్పు, తిప్పు... రైట్... రైట్... ఆపు!"

కట్ట స్లాబు మీద చప్పుడు లేకుండా కూర్చున్నట్టే కనిపించింది.

"సబాష్ బిడ్డా," అన్నాడు. నా మీద కన్ను ఆనించే చోట తడి తగిలింది. నా మీద నీళ్ళు పడకూడదని నాతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ రోజు మాత్రం నేను ఏమీ అనుకోలేదు.

సాయంత్రం నవనీత వచ్చేసరికి బాలమణి నన్ను టీవీకి తగిలించింది. తెర మీద తనను తాను చూసుకుని నవనీత నవ్వింది. అంతలో తండ్రి గొంతు వినబడింది. మెల్లగ బిడ్డా, గాలున్నది...

"ఇందుల మాటలు గూడ పడతయా!" అని రాజలింగం గాభరాగా లేచాడు. పారిపోవడానికి ఆ గదికి ఉన్నది ఒకటే గుమ్మం, అందులో కూతురు కూర్చుని ఉంది.

"బాపూ, ఇంకోసారి అను," అంది నవనీత. కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు.

ఆయన గోడ వైపు తిరిగాడు. "రేపు గాలి ఎక్కువున్నదంట. పైలం," అన్నాడు.

అదంతా పాత కథ. ఇప్పుడు నా ముక్కు సాగితే కరకరమంటుంది. జేబులో పట్టే ఫోన్లు కూడా దూరాలు చూస్తున్నాయట, చూడనివ్వండి. నేను షోకేసులో రాజలింగం ఆర్టీసీ బ్యాడ్జి పక్కన ఉన్నాను. ఎదురుగా గోడకు నేను తీసిన ఫొటో ఒకటి ఉంది. క్రేన్ విప్పడానికి ముందు రోజుది. దూరంగా, సైటు గేటు బయట రోడ్డు మీద రాజలింగం నిలబడి ఉన్నాడు. పక్కన సాయిలు. రాజలింగం తల పూర్తిగా వెనక్కి వాల్చి, పైకి చెయ్యెత్తి చూపిస్తున్నాడు. ఫొటోలో మాట వినబడదు కాని ఆ నోరు చూస్తే చాలు, నా బిడ్డ అంటున్నాడని ఎవరికైనా తెలుస్తుంది. చొక్కా గుండీలు లెక్కపెట్టుకోవచ్చు, అంత నిలకడగా వచ్చింది.

ఆ ఫొటో గోడకెక్కిన రోజు నవనీత దాని ముందు నిలబడి చొక్కా గుండీలు లెక్కపెట్టింది.

"ఎవలు తీసిన్రమ్మా ఇది?"

"నేనే. మిద్దె మీదికెల్లి."

"నీ చేతులు వణుకుతయి గదా?"

బాలమణి సూదిలోకి దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కించి ముడి వేసింది.

"అప్పుడు వణికినయి," అంది.