వెలిగేదే బరువైనదని ఎవరన్నారు?

"లెక్క తేల్చి ఫైలు సిద్ధంగా పెట్టు. అలాగే నీలం చొక్కా ఇస్త్రీ చేసి ఉంచు. మధ్యాహ్నం వచ్చి వేసుకుంటా, నాలుగింటికి సెమినార్," అని చెప్పి భర్త కాలేజీకి వెళ్ళాడు. రెండూ ఆయనకు ఒకే రకం పనులు.

ఇద్దరూ నక్షత్రాల గురించే చదువుకున్నారు. పెళ్ళయ్యాక ఉద్యోగం మానేసింది ఆమె. "ఇంట్లో ఖాళీయేగా" అంటూ పదకొండేళ్ళుగా ఆయన తన పరిశీలనలన్నీ ఆమె ముందు పడేస్తున్నాడు. అచ్చయ్యాక ఆమె పేరు చివరి పేజీలో, టైపు చేసిపెట్టినందుకు కృతజ్ఞతలుగా కనబడుతుంది.

ఈసారిది జంట నక్షత్రం. ఏ టెలిస్కోపుకీ విడివిడిగా కనబడనంత దగ్గరగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. ఒకటి రెండోదానికి అడ్డొచ్చి వెలుగు తగ్గే తీరును బట్టి వాటి సైజు తెలుస్తుంది, ఊగే వేగాన్ని బట్టి బరువు. ఎక్కువ ఊగేది తేలిక.

వెలిగేదే బరువైనదని ఆయన ముందే రాసేసుకున్నాడు. తెర మీది గ్రాఫులో వెలిగేది గిలగిలా ఊగిపోతోంది. మసకది కదలీ కదలకుండా ఉంది. మూడుసార్లు లెక్క కట్టింది, అదే జవాబు. ఒళ్ళంతా దట్టమైన వాయువు కప్పుకుని, ఎవరికీ కనబడకుండా, అక్కడేదో చాలా బరువైనది కూర్చుని ఉంది. ఆ జవాబే ఫైల్లో పెట్టింది.

"అమ్మో! ఇక్కడే ఉన్నావా?" గుమ్మంలో అత్తగారు ఉలిక్కిపడింది. "రెండుసార్లు తొంగి చూశానే! కుర్చీ ఖాళీగా ఉంది."

"పొద్దుట్నుంచీ లేవలేదత్తయ్యా."

అత్తగారు నవ్వబోయి ఆగిపోయింది. "కుర్చీకున్న శాలువా కూడా కనబడిందమ్మా..." టీ గ్లాసు అందించి, కోడలి వేళ్ళను కాసేపు వదల్లేదు, చేతికి తగులుతున్నాయో లేదో చూసుకుంటున్నట్టు. "చొక్కా సంగతి నేను చూస్తాలే."

మధ్యాహ్నం ఆయన వచ్చి, కూర్చోకుండానే తెర చూశాడు.

"తారుమారు చేశావ్. ఆ మసకదానికి అంత బరువెక్కడిది? మార్చెయ్."

"మూడుసార్లు చూశాను. మార్చను."

"సరే, నేనే మార్చుకుంటా. ఇలా ఇవ్వు."

"ఇవ్వను. సెమినార్లో నేనే చెప్తాను."

ఆయన నవ్వాడు. "నువ్వా? అక్కడ నువ్వెవరో ఎవరికి తెలుసు?"

ఆమె లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుంది.

"తెలీదు కాబట్టే, మీరు పరిచయం చెయ్యాలి. దార్లో ఆలోచించుకోండి, ఏమని చెప్తారో."