కూలి రాయని లెక్క

అద్దెకివ్వడానికి మొదటిసారి ఇల్లు కొంటున్న గుమాస్తాకి ఒకటే బెంగ. మరమ్మతుల అంచనా తప్పితే, మొగుడూ పెళ్లాం పన్నెండేళ్లు కడుపు కట్టుకుని దాచిందంతా ఆ గోడల్లోనే కలిసిపోతుంది. అందుకే భార్య పట్టుబట్టి తన తండ్రిని వెంట పంపింది. నలభై ఏళ్లు తాపీ పట్టిన మేస్త్రీ ఆయన. "సామాను ఖర్చే రాస్తానమ్మా. కూతురి ఇంటికి నేను కూలి తీసుకుంటానా?" అని ముందే తేల్చేశాడు.

ఇల్లు అమ్మే ఆసామి మడత నలగని చొక్కాతో ఎదురొచ్చాడు. మామగారి చొక్కా నిండా సిమెంటు మరకలు. పైగా వస్తూనే జేబులోంచి రూపాయి బిళ్ల తీసి గోడ మీద టకటకా కొడుతూ చెవి ఆనించడం మొదలుపెట్టాడు. ఈయనెవరని ఆసామి అడిగేసరికి అల్లుడికి తల కొట్టేసినట్టయింది.

"మేస్త్రీ అండీ. కూలికి పిలిపించాను."

మామగారి చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కొట్టింది. కొత్త రంగు వెనక గుల్లబారిన గోడ దొరికింది, స్నానాలగది నుంచి పడగ్గదిలోకి దిగే చెమ్మ దొరికింది. అన్నీ కాగితం మీద రాసి, "చూడండి సార్" అంటూ అల్లుడికి ఇచ్చాడు. పొద్దున అల్లుడుగారూ అని పిలిచిన నోరే అది.

ఆసామి తొంగిచూసి పళ్లికిలించాడు. కూలి వేసుకోవడమే తెలియని మేస్త్రీ లెక్క చూసి ధర తగ్గించాలా అన్నాడు.

మా మామగారండీ అనొచ్చు. రెండే మాటలు. అల్లుడు మహానుభావుడు కిటికీ రెక్క తీసి చూస్తున్నట్టు నటించాడు.

"మర్చిపోయాను సార్" అంటూ మామగారే కాగితం వెనక్కి తీసుకుని, అడుగున కూలి వేశాడు. న్యాయమైన కూలి. దానితో కలిపి లెక్క తేలాక ఆసామి నోరు మూసుకుని ధర తగ్గించాడు.

ఇంట్లో భార్య కాగితం చదువుతూ చివరి వరుస దగ్గర ఆగింది. "కూలి వేసుకున్నావా నాన్నా?" అంది, చిన్నబోయి.

"పని పెద్దదమ్మా" అన్నాడాయన, తల దించుకుని.

సిగ్గుతో గుమాస్తా ఒళ్లంతా కుంచించుకుపోయింది. తను చేసిన పనికి ఆయన కూతురి ముందు కూడా తలవంచుతున్నాడు.

"ఆ కూలి నా వల్ల రాశారు" అన్నాడు.

"మీ వల్లా? ఎందుకు?" అందామె.

మామగారు చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. అల్లుడు ఆ సంగతి చెబుతుంటే తను ఎదురుగా ఉండకూడదని.