ఇంటికంతా ఒక్కటే అలుపు

పొద్దున్నే రాధాబాయి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టిందంటే, కాసేపటికల్లా పొయ్యి దగ్గర నిలబడ్డ కూతురు సుష్మితకు నడుం లాగేది. పసుపు బస్తాల డీసీఎం వ్యాను నడిపే ఆమె భర్త నరహరి ఇందల్వాయి ఘాటు రోడ్డులో గేర్లు మార్చి మార్చి అలిసిపోతే, ఇక్కడ ఆర్మూర్‌లో తల్లీకూతుళ్ల భుజాలు బరువెక్కేవి. ఆ ఇంట్లో ముగ్గురికీ కలిపి అలుపు ఒక్కటే. ఎవరి ఆకలి వాళ్లది, ఎవరి జలుబు వాళ్లది, అలుపు మాత్రం ఇంటిది. ఈ సంగతి వాడకట్టులో అందరికీ తెలుసు. "రాధక్క మొఖం వాడింది, నరహరన్న లోడు దించుతున్నట్టున్నడు" అనుకుని ఎవరి పని వాళ్లు చూసుకునేవారు.

అలాంటి ఇంట్లో ఒకరికోసం ఒకరు కాస్త ఆగి పనిచేస్తారనుకుంటాం. జరిగింది తలకిందులు. వాళ్లు కష్టపడుతుంటే నేనెట్లా కూర్చోను అని ముగ్గురూ ముగ్గురే. పగటిపూట నడుం వాల్చడమంటే ఆ ఇంట్లో దొంగతనంతో సమానం. పసుపు సీజన్ వచ్చాక మరీ అన్యాయం. నరహరికి స్టీరింగ్ మీదే కళ్లు మూతలు పడుతున్నాయి. పోయిన వారం జక్రాన్‌పల్లి దగ్గర బండి రోడ్డు దిగి చేన్లోకి పోయి ఆగింది.

"సీజన్ ఒడువనీ బిడ్డా, కంటినిండ పండుకుంట" అన్నాడు. సీజన్ అయ్యేదాకా మనిషి దక్కుతాడా అన్నదే సుష్మిత భయం. ఆ భయం మాత్రం ఆమె ఒక్కదానిదే.

సుష్మిత బస్టాండు దగ్గర కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెబుతుంది. ఆ మధ్యాహ్నం యజమాని నారాయణదాస్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. పాఠం నచ్చితే పర్మనెంట్ చేస్తానని మాటిచ్చి ఉన్నాడు. సుష్మిత ఉదాహరణ కోసం దూరం పోలేదు. బోర్డు మీద 'ఇంటిమనిషి' అని ఒక క్లాసు రాసింది.

"గీ క్లాసు అచ్చు లెక్క. దీన్నుంచి ఎన్ని ఆబ్జెక్టులన్న చేసుకోవచ్చు. పేరు, ఆకలి ఇన్‌స్టెన్స్ మెంబర్లు. ఎవలయి వాళ్లకే ఉంటయి. అలుపు స్టాటిక్. క్లాసుకంతా ఒక్కటే, అందరు దాన్నే వాడుకుంటరు."

ముందు వరసలో అంకిత చెయ్యెత్తింది. "మేడం, ఒక ఆబ్జెక్టు దాన్ని పెంచితే?"

"అందరికి పెరుగుతది."

"ఒక్కటి తగ్గిస్తే?"

"అందరికి..." సుష్మిత బోర్డు మీది 'అలుపు' వైపు చూసింది. తన ఇంట్లో పెంచినవాళ్లే గానీ, ఇన్నేళ్లలో తగ్గించినవాళ్లు ఎవరున్నారు?

అప్పుడే ఆమె కనురెప్పలు ఒక్కసారిగా దిగిపోయాయి. ఆ బరువు ఎవరిదో ఆమెకు తెలుసు. బాపు స్టీరింగ్ మీద తూలుతున్నాడు. ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"అంకితా, జర గా బెంచీ ఖాళీ చెయ్యమ్మా" అంది సుష్మిత. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, బెంచీ మీద పడుకుని, చున్నీ మొఖం మీదికి లాక్కుంది.

నారాయణదాస్ లేచి వచ్చాడు. "ఏందమ్మా గిది? పాఠం చెప్పుమంటే పండుకుంటవా?"

"ఇప్పుడు లేస్తే మా బాపు పోతడు సార్."

ఆ ఇంటి సంగతి నారాయణదాస్‌కు తెలియనిది కాదు. కానీ ఫీజులు కట్టిన పిల్లల ముందర తన పరువు సంగతేమిటి? విసురుగా బయటికి పోయాడు. సుష్మిత గుండె దడదడ కొట్టుకుంటూనే ఉంది. భయం నాది, ఉండనీ అనుకుంది. ముందు భుజాలు వదిలేసింది, తర్వాత నడుం, తర్వాత పాదాలు. పిల్లలు చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు. ఆమెకు నిద్ర పట్టింది.

పొద్దుగూకినాక నరహరి ఇంటికొచ్చి గడప మీదే కూలబడ్డాడు. కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి.

"కండ్లు మూసుకపోయినయే. గంతల్నే ఎవలో మొఖం మీద నీళ్లు కొట్టినట్టు తెలివైంది. చూస్తే ముంగట ఇస్కూలు పిల్లల ఆటో. బ్రేకు తొక్కిన."

అతను ఏడ్చాడు. సుష్మిత తన సంగతి చెప్పింది. రేపట్నుంచి ఇంకొకర్ని పెట్టుకుంటున్నానని నారాయణదాస్ అన్న మాట కూడా చెప్పింది. ఒక మూల బీడీలు చుడుతూ రాధాబాయి అంతా వింది.

మరునాడు మధ్యాహ్నం పక్కింటి వినోద బీడీ ఆకు కత్తిరించే కత్తెర కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. బీడీలు సగంలో ఉండగానే చాట పక్కకు జరిపి ఉంది. రాధాబాయి చాప మీద పడుకుని ఉంది.

"ఏం రాధక్కా, పాణం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న. ఆయన ఘాటెక్కుతున్నడు" అంటూ రాధాబాయి గోడవైపు తిరిగింది. "నన్ను లేపకు. పని మీదున్న."