కొత్తకు ముందు తీసిన ఫొటో

డుంబ్రిగుడ నుంచి అరకు నెట్ సెంటర్‌కు జీపులో నిలబడి వెళ్లడం, నిలబడి రావడం లిదియాకు అలవాటైపోయింది. కూర్చోవడానికి చోటు దొరికితే ఆ రోజు పండగే. నెట్ సెంటర్‌లో కరెంటు ఉంటే లైను ఉండదు, లైను ఉంటే కుర్చీ ఖాళీ ఉండదు. అన్నీ కలిసొచ్చిన రోజున, హైదరాబాదు నుంచి ఎవరో ఒకావిడ "మీ రాజ్మా ఎంతసేపట్లో ఉడుకుతుంది?" అని అంతకు ముందు వారం అడిగిన ప్రశ్న తెర మీద కనబడేది. జవాబు రాసేసరికి ఆవిడ ఇంకెక్కడో కొనుక్కుని, వండుకుని, తిని, చెయ్యి కూడా కడుక్కుని ఉంటుంది.

లిదియా ఒకప్పుడు మిషన్ బడిలో టీచరు. బడి మూతపడ్డాక భర్త టైటస్ నడిపే సర్వీసు జీపు మీదే ఇల్లు గడుస్తోంది. అప్పుడు పట్టుకుంది ఈ పిచ్చి. కొండ మీది పనసగుడలో పండే రాజ్మా పిక్కల్ని సంతలో షావుకార్లకు పోయకుండా, ఇంటర్నెట్‌లో నేరుగా పట్నం వాళ్లకు అమ్మాలని. చుట్టుపక్కల మిగతా ఊళ్ల పంట చేలో ఉండగానే షావుకార్లదైపోతుంది. పనసగుడ వాళ్లు మాత్రం, తమ పిల్లలకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ కదా అని, రెండేళ్లుగా ఆమెకే ఇస్తున్నారు. ఆ ఒక్క ఊరు కాదంటే ఆమె వెబ్‌సైటులో అమ్మడానికి వెబ్‌సైటు తప్ప ఏమీ మిగలదు.

"ఈ పంట సూద్దారి," అన్నాడు టైటస్, ఆ శీతాకాలం మొదట్లో. "ఇదీ అవకపోతే ఆపీ. నీ ఒళ్లు సూసుకో ఓసారి, ఎలగుందో."

ఆమె చూసుకోలేదు. చూసుకోవడానికి ఓపిక లేదు.

విశాఖపట్నంలో చిన్న వ్యాపారుల కోసం ఎవరో రెండు రోజుల శిక్షణ పెడితే వెళ్లింది. పాఠం చెప్పినాయన పేరు రామారావు. నల్ల కళ్లద్దాలు నెత్తి మీదికి ఎత్తిపెట్టుకుని, గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి. మాటలెక్కువైనా చెప్పినవి పనికొచ్చేవే, ఆ మాట ఒప్పుకోవాలి. కొనేవాడు గూగుల్లో ఏ మాట కొట్టి వెతుకుతాడో ఆ మాటే మీ పేజీ పైన ఉండాలన్నాడు. అడిగినవాడికి ఆ రోజే జవాబివ్వాలన్నాడు. ఒకసారి కొన్నవాణ్ని వదలకుండా మెయిల్లో నెలకో ఉత్తరం పంపాలన్నాడు. కోపంతో రాసినవాడితో వాదన పెట్టుకోకూడదన్నాడు. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఫొటో గురించి.

"గోనె సంచీ ముందు పెట్టి తీసిన పిక్కల ఫొటో ఎవరిక్కావాలండీ? కొట్టుకెళ్తే కనబడవూ? పండించిన మనిషి కనబడాలి. ఆమె పొయ్యి కనబడాలి. ఆ పొయ్యి మీద మీ పిక్కలు ఉడుకుతూ ఆవిరి రావాలి. అప్పుడు కొంటారు. ఆ, ఇంకో మాట. ఏదైనా తేడా వచ్చిందా, ముందు అది తీసిపారెయ్యాలి. సంజాయిషీలు తర్వాత."

లిదియా ఇవన్నీ బుర్రలో వేసుకుని బస్సెక్కింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో పక్కావిడ ఆమె భుజం మీదే వాంతి చేసుకుంది. అయినా బుర్రలో వేసుకున్నవి చెదరలేదు.

పాస్టరుగారి డిజిటల్ కెమెరా అడిగి తీసుకుని పనసగుడ ఎక్కింది. ఎవరి పొయ్యి దగ్గర తీయాలో ఆలోచించే పనే లేదు. కనక ఇల్లుంది. కనకకు యాభై దాటి ఉంటాయి, ఒంటరి మనిషి, లిదియా అప్పా అని పిలిచే అక్క వరస. ముక్కుకి మూడు పోగులు, ఎప్పుడూ పసుపు రాసిన మొహం, నవ్వితే ఇల్లంతా నవ్వినట్టుండేది. లిదియా ఎప్పుడు కొండెక్కినా ముందు అక్కడే కూలబడి, అంబలి తాగి, తర్వాతే పని మొదలుపెట్టేది.

చిక్కల్లా పిక్కలతోనే వచ్చింది. ఇంట్లో ఉన్నవి నిరుటివి. ముడతలు పడి, రంగు చచ్చి ఉన్నాయి. కెమెరాలో చూస్తే ఇంకా అన్యాయంగా ఉన్నాయి. పెరట్లో మడి నిండా కొత్త కాయలు విరగకాసి ఉన్నాయి. ఒక కాయ ఒలిచి చూసింది లిదియా. లోపల పిక్క ఎర్రగా నిగనిగలాడుతూ, ఇప్పుడే నీళ్లలోంచి తీసినట్టుంది.

"ఇవి వండుదాం కనకప్పా."

కనక నవ్వు ఆగింది. "కొత్త అవనేదు గదా టీచరమ్మా."

ఆ మాటకు అర్థం లిదియాకు ఒకరు చెప్పక్కర్లేదు. పంట ఇంటికొచ్చే వేళ పూజారి రోజు చూసి, తొలి పంట దేవతకు పెట్టి, కొత్త పండగ చేస్తాడు. అప్పటిదాకా ఆ పంట నోట్లో పెట్టరు. పొయ్యి మీదికి ఎక్కించరు. లిదియా తాతల నాడే బాప్తిస్మం తీసుకున్న ఇంటి పిల్ల, ఈ పట్టింపులు ఆమెకు లేవు. కానీ ఆమె పుట్టిందీ పెరిగిందీ ఈ కొండల్లోనే. తెలియక చేసింది అనడానికి లేదు.

"తినం కదప్పా. ఫొటోకే. తీశాక పారబోసేద్దాం."

కనక కాసేపు కాయల వంక చూసింది, కాసేపు లిదియా వంక చూసింది. ఎండలో కొండెక్కి వచ్చిన మనిషి, మెడ మీద చెమట ఇంకా ఆరలేదు. "తినకపోతే పర్లేదేమోలే," అని తనే వెళ్లి కాయలు కోసుకొచ్చింది.

ఫొటో అద్భుతంగా వచ్చింది. చూరు సందులోంచి ఎండ పడుతోంది, కుండలోంచి ఆవిరి లేస్తోంది, పక్కన పచ్చి కాయల కుప్ప, వెనక కనక. లిదియా ఏదో అంటే నవ్వబోతున్న క్షణం అది. తీశాక ఇద్దరూ పెరట్లో గొయ్యి తీసి ఉడికిన పిక్కలు పూడ్చేశారు. కనక పొయ్యి అలికింది. లిదియా కొండ దిగింది.

ఆ ఫొటో పేజీ మీద పెట్టి, పాత కొనుగోలుదార్లందరికీ ఉత్తరం పంపింది. వారం తిరిగేసరికి, రెండేళ్లలో రానన్ని జవాబులు వచ్చాయి. బెంగుళూరు, పూనా, పేరు కూడా వినని ఊళ్లు. కొందరు పిక్కల సంగతి వదిలేసి "ఆ అమ్మ ఎవరు?" అని అడిగారు. లిదియా పొద్దు గుంకేదాకా నెట్ సెంటర్‌లో కూర్చుని, కళ్లు మండుతున్నా అందరికీ జవాబులు రాసింది. నడుము పడిపోయింది గానీ, చాలా కాలం తర్వాత ఆ నొప్పి అంత చేదుగా లేదు. పంట దిగగానే పంపుతానని అందరికీ మాటిచ్చింది.

తర్వాతి ఆదివారం విశాఖపట్నం నుంచి ఒక కారు పనసగుడ కింద ఆగింది. అందులోంచి భార్యాభర్తలు దిగారు. ఆ ఫొటోను రంగుల్లో అచ్చు తీయించుకుని మరీ తెచ్చారు, ఈ ఇల్లెక్కడ, ఈ అమ్మ ఎక్కడ అని. కనక ఆ వేళకి కాఫీ తోటలో పళ్లు కోయడానికి పోయింది. ఊళ్లో ఉన్నవాడు పూజారి సుక్రు. ఆయన కాగితం చేతిలోకి తీసుకుని, పొయ్యి మీది కుండనీ పక్కనున్న పచ్చి కాయల కుప్పనీ చూశాడు. వచ్చినవాళ్లు కాసేపు తిరిగి, కొండల ఫొటోలు తీసుకుని, తమ కాగితం తాము తీసుకుని కారెక్కి పోయారు.

సాయంత్రం టైటస్ జీపు దిగుతూనే అరిచాడు. "ఏటి సేసీసినావే? కొత్త అవకముందే కనక పిక్కలొండీసినాదని ఊరు ఊరంతా గోలెత్తిపోతన్నారు. సుక్రు రేపు పెద్దల్ని పిలిసినాడంట."

పనసగుడ వాళ్లు ఈ ఏడు పంట ఇవ్వం అంటే? మాటిచ్చిన ఆ ఊళ్లన్నిటికీ ఏం పంపాలి? మర్నాడు తెల్లవారి మొదటి జీపు పట్టుకుంది. కొండ మీదికి కాదు, అరకుకి. నెట్ సెంటరు తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుంది. పక్క బూత్‌లోంచి రామారావుకు ఫోన్ కూడా చేసింది.

"ముందు తీసేయండి మేడమ్," అన్నాడాయన, అవతల ఏదో నములుతూ. "సైట్లోంచీ, మెయిల్లోంచీ, మీ కెమెరాలోంచీ. ఎక్కడా ఆనవాలు మిగలకూడదు. రేపు ఎవరైనా అడిగితే అలాంటిది లేదనొచ్చు."

తీసేసింది. ఒక్కో పేజీ తెరుచుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది. తన మెయిల్ పెట్టెలో దాచుకున్నదీ చెరిపేసింది. పంపిన ఉత్తరాల్లోకి ఫొటో ఆ పేజీ నుంచే వచ్చేది కాబట్టి, ఇప్పుడు అది ఉండాల్సిన చోట ఖాళీ గడి కనబడుతోంది, అంతే. కెమెరాలోని కార్డు మొత్తం తుడిచి, దారిలో కెమెరా పాస్టరుగారికి అప్పజెప్పేసింది. అప్పుడు గానీ పనసగుడ దారి పట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

సుక్రు తన అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. పెద్దలెవరూ లేరు.

"తాతా, తప్పైపోయింది. ఆ ఫొటో తీసేశాను. ఇక ఎక్కడా లేదు."

"ఏటి తీసీసినావు?" సుక్రు తాడు మీంచి తలెత్తలేదు. "ఫొటో గోల మాకెందుకమ్మా? బొమ్మ ఏటి సేత్తాది? పిక్క పొయ్యి మీదకెక్కినాది, అదీ తప్పు. దానికో కోడి, ఓ కొత్త కుండ. కనక పొద్దున్నే ఇచ్చీసినాది. అమ్మోరికి సెప్పీసినాము. అయిపోనాది."

"అయిపోయిందా?"

"మరి? కొత్త అయినాక ఎప్పట్లాగే పట్టుకెల్లు పిక్కలు." అప్పుడు తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. "మీ సర్చీలో మీరు తొలి పంట ప్రబువుకి ఎట్టరా? ఎట్టకముందు తినీసి ఎల్తారా? సదూకున్నదానివి, నీకు నానేటి సెప్పను."

చెప్పనంటూనే చెప్పాల్సింది చెప్పేశాడు. లిదియా తల వంచుకుని నిలబడింది. వ్యాపారం నిలబడింది, పంట దక్కింది, మాట పోలేదు. సంతోషం మాత్రం రాలేదు. ఒళ్లంతా పచ్చి పుండుగా ఉంది, ఎక్కడైనా కాసేపు పడుకుంటే చాలుననిపించింది.

కనక ఇంటి ముందు కూర్చుని కొత్త కుండ కడుగుతోంది. ఆ ఇంటి ముందు ఎప్పుడూ కాళ్లకడ్డం పడుతూ తిరిగే పెట్ట లేదు. గుడ్లు పెట్టే పెట్ట అది. లిదియా పక్కనే కూలబడింది.

"నాది తప్పయితే నువ్వెందుకిచ్చావప్పా? నన్ను పిలిపించకూడదా?"

"పొయ్యి నాది గదా," అంది కనక. అంతకు మించి ఆ విషయంలో చెప్పడానికి ఏమీ లేనట్టు అంబలి గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. లిదియా తాగుతుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, చిన్నపిల్లలా కాస్త సిగ్గుపడింది.

"టీచరమ్మా. ఆ బొమ్మలో నాను బాగున్నానంట గదా? సుక్రు సెప్పినాడు. కార్లో ఒచ్చినోలు కూడా మాలచ్చిమిలా ఉందన్నారంట. ఊరంతా సూసినారు, నాను తోటకెల్లిపోయి నానొక్కద్దాన్నే సూణ్ణేదు. రేసన్ కార్డు మీద ఓ బొమ్మ ఉండీది గానీ, దాని మీద సీలు గుద్దీసినారు, నా మొకం కనపడదు." నవ్వింది. "ఓసారి సూపించవా?"

లిదియా అంబలి గిన్నె కింద పెట్టేసింది. పేజీలో లేదు. పెట్టెలో లేదు. ఉత్తరాల్లో లేదు. కార్డు తుడిచేసింది. కారులో వచ్చినవాళ్ల దగ్గర కాగితం ఉంది, కానీ వాళ్లెవరో, ఏ వీధివాళ్లో ఎవరూ అడగలేదు. తనకు ఉత్తరం రాసినవాళ్లు కూడా కారు, ఎవరో పంపితే చూసి వచ్చారట. ఎంత తెలివిగా, ఎంత శుభ్రంగా తుడిచిందో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"లేదప్పా," అంది. "తీసేశాను."

"అన్ని సోట్లా?"

"అన్ని చోట్లా. ఊరికి కోపం వస్తుందని."

కోపం రాలేదు కనకకు, వస్తే బాగుండుననుకుంది లిదియా.

"కోడిచ్చీసినాను గదా," అంది కనక మెల్లగా, తనలో తను అనుకున్నట్టు. "తప్పు తీరిపోనాది గదా. ఇంక ఆ బొమ్మ నాదే గదా అనుకున్నాను."

"ఇంకోటి తీస్తానప్పా. రేపే తీస్తాను. పాస్టరుగారి కెమెరా మళ్లీ అడుగుతాను," అంది లిదియా. అంటున్నప్పుడే ఆమెకు తెలుస్తోంది, రేపు తీస్తే అది మళ్లీ పేజీ కోసమే అవుతుందని, నవ్వమని తనే అడగాల్సి వస్తుందని. సిగ్గుతో, అలసటతో ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఎల్లు, ఎల్లు. బేగెల్లు, జీపు ఎల్లిపోతాది," అని కనక గిన్నె అందుకుని లోపలికి పోయింది.