నలుసు తీసే చెయ్యి

మా షెడ్డులో ఎవరి కంట్లో నలుసు పడినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇనుప గేట్లకు వెల్డింగు అయ్యాక అతుకులు నున్నగా చేసే పని మాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇనుప రజను లేస్తూనే ఉంటుంది. కంపెనీ ఇచ్చే కళ్ళద్దాలు నెల తిరక్కముందే గీతలు పడి మసకబారతాయి, వాటిలోంచి అతుకు కనబడి చావదు. అందుకని అందరం వాటిని నుదుటి మీదికి తోసేసుకుంటాం. నలుసు పడినవాణ్ణి వెలుతురు వైపు తిప్పి, పై రెప్ప మడిచి, అగ్గిపుల్లకు చుట్టిన దూదితో ఒక్క తుడుపు తుడిచేవాణ్ణి. నీ హస్తవాసి మంచిదయ్యా అంటూ నాకు డాక్టరని పేరు కూడా పెట్టారు. సిగ్గులేకుండా పద్దెనిమిదేళ్ళు ఆ పేరుకు పలికాను.

పద్ధతి తెలియక కాదు. గేటు గది గోడ మీద కాగితం అంటించే ఉంది. ఎంత చిన్న దెబ్బయినా షిఫ్టు దిగేలోపు సూపర్‌వైజరుకు చెప్పాలి, పుస్తకంలో రాయించాలి, చీటీ తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాలి. ఏడాదికోసారి మమ్మల్ని కూర్చోబెట్టి చదివి వినిపించేవారు కూడా. దోమ కుట్టినా రాయించాలా అని అడిగి అందరినీ నవ్వించింది నేనే. పుస్తకంలో పేరెక్కినవాడికి, ఆస్పత్రి వాళ్ళు సరేననేదాకా చీపురిచ్చి యార్డు ఊడవమంటారు. పనిమంతుడికి అది తల కొట్టేసినట్టుంటుంది. రెండు నిమిషాల్లో అగ్గిపుల్లతో తేలేదానికి ఇంత తతంగం ఎందుకనేవాణ్ణి. నా మాటే చెల్లేది.

నా బామ్మర్దిని ఆ షెడ్డులో చేర్పించింది కూడా నేనే. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయాక తనే వాణ్ణి చంకనేసుకుని పెంచింది, పెళ్ళయ్యాక మాతోనే ఉంచుకుంది. మెతక మనిషి. పనిలో ఎంత ఏడిపించినా నవ్వి ఊరుకునేవాడు.

ఆ మంగళవారం భోజనాలకు ముందు, వెల్డింగు అతుకు మీద పెంకులా గట్టిపడిన చిట్టెం ఉలి పెట్టి కొడుతుంటే ఏదో ఎగిరి వాడి ఎడమ కంట్లో పడింది. అరచేత్తో కన్ను మూసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"బావా, ఇది ఎప్పుడూ పడే నలుసులా లేదు. లోపలికి గుచ్చినట్టయింది. పుస్తకంలో రాయిద్దామా?"

నాకు ముక్కు మీద కోపం. అందరి ముందూ నా చేతిని కాదని పుస్తకం అంటాడేమిటని ఒళ్ళు మండింది.

"రాయించి యార్డు ఊడుస్తావా? ఇటు తిరుగు."

రెప్ప కింద చిన్న ఇనుప తునక దొరికింది. గోటి మీద పెట్టి వాడికి చూపించాను. ఇంకా ఏదో ఉన్నట్టుంది బావా అన్నాడు. గీరుకుపోయిన మంట అది, రేపటికి తగ్గిపోతుందన్నాను. వాడు నమ్మి వెళ్ళి మళ్ళీ ఉలి పట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున మా ఆవిడ కేక విని లేచాను. వాడి కన్ను చీము పట్టి వాచిపోయింది. కంటి ఆస్పత్రిలో ఫొటో తీస్తే రెండో తునక కనుగుడ్డు లోపల ఉంది. మొదటి రోజే తెచ్చుంటే తీసేసేవాళ్ళం, కన్ను దక్కేదేమో అన్నారు. వారం తిరిగేసరికి ఆ కన్ను తీసేశారు.

ఒంటి కన్నువాణ్ణి అతుకులు రుద్దే చక్రం దగ్గర నిలబెట్టరు. అయితే పనిలో దెబ్బ తగిలినవాళ్ళకు స్టోరు గదిలో కూర్చునే ఉద్యోగం ఇస్తారు. దెబ్బ పనిలోనే తగిలిందని తేలితేనే ఇస్తారు. వాడికి మిగిలిన ఆశ అదొక్కటే. వాడూ నేనూ మా ఆవిడా ముగ్గురం కలిసి ఆఫీసుకు వెళ్ళాం.

అక్కడ ఆ ఉద్యోగానికి ఫారాలు రాసే ఆవిడ మంచిదే. పుస్తకం తెప్పించి చూసింది, మంగళవారం పేజీలో ఏమీ లేదు. ఇంట్లో తగిలిందంటారు పైవాళ్ళు, నేనేం చెయ్యను అంది. పెన్ను కింద పెట్టి, వాడి వైపు తిరిగింది.

"రాయిద్దామని ఆ రోజు మీరు ఎవరినైనా అడిగారా? ఎవరైనా పాతవాళ్ళు వద్దన్నారా? అన్నారంటే చెప్పండి. అప్పుడు ఆలస్యం మీ తప్పు కాదు, వాళ్ళది. మీకు దారి దొరుకుతుంది. అడ్డుపడిన మనిషిని మాత్రం ఉంచరు."

వాడు నా వైపు చూడను కూడా చూడలేదు.

"ఎవరినీ అడగలేదండి. కన్ను నేనే నలుపుకున్నాను. రాయించాలని నాకే తోచలేదు."

నేను నోరు విప్పాలి. నేనే వద్దన్నానమ్మా, నేనే తీశాను అంటే సరిపోయేది. పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది. నా ఉద్యోగం పోతుందన్న భయం కన్నా ఆమె మొహం నా వైపు తిరుగుతుందన్న భయమే ఎక్కువగా ఉంది. గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఫారాల ఆవిడ ఇంకోసారి అడిగింది. వాడు ఇంకోసారి లేదండి అన్నాడు. రాసుకుంది, కింద వాడు సంతకం పెట్టాడు. చూపు లెక్క తప్పి సంతకం గీత దాటి పక్కకు పోయింది.

బయటికొచ్చాక, మా ఆవిడ మందులు కొనడానికి వెళ్ళినప్పుడు అన్నాడు.

"చెప్పినా నాకు స్టోరు పని ఇస్తారన్న నమ్మకం లేదు. ఇద్దరి పనీ పోతే అక్క ఏం తింటుంది బావా? వదిలెయ్."

వదిలేశాను. అంతకన్నా నీచం ఏముంటుంది? పది రోజులకు ఉత్తరం వచ్చింది. దెబ్బ సంగతి అదే రోజు తెలియజేయనందున కోరిక తోసిపుచ్చడమైనదని రెండే రెండు వాక్యాలు రాశారు. గేటు కార్డు తిరిగి ఇచ్చెయ్యమన్నారు.

ఆ ఉత్తరం మా ఆవిడే చదివింది. వాణ్ణి గుమ్మం దగ్గర పీట మీద కూర్చోబెట్టి, ఖాళీ కంటి చుట్టూ తడి గుడ్డతో తుడుస్తూ, ఏడుస్తూ వాణ్ణే తిట్టింది. నేను ఎదురుగా చెప్పులు వేసుకుంటున్నాను, షిఫ్టుకు టైమవుతోంది.

"నీకు తెలియకపోతే తెలియకపోయింది. బావ పక్కనే ఉన్నాడు కదరా. రాయించాలా వద్దా అని ఒక్క మాట ఆయన్ని అడిగితే నీ సొమ్మేం పోయేది?"

వాడు తల వంచుకుని తుడిపించుకుంటున్నాడు.

"అడగాల్సిందక్కా" అన్నాడు.